సిలిండరు మెడ మీది అంకె

వంటగ్యాసు సిలిండరు ఇంటికి వచ్చినప్పుడు మన ఆడవాళ్లు చూసేవి రెండే. సీలు ఊడిందా, బరువు తగ్గిందా అని. పైన పట్టుకొనే కడియం కింద మూడు ఇనుప పట్టీలుంటాయి. వాటిలో ఒకదాని లోపలివైపున ఒక ఇంగ్లీషు అక్షరమూ, రెండంకెలూ కనిపిస్తాయి. ఏ అంటే జనవరి మొదలు మార్చి వరకు, బి అంటే ఏప్రిల్ మొదలు జూన్ వరకు, ఆ ప్రకారం డి వరకు. పక్కనున్న అంకెలు సంవత్సరం. ఆ గడువు దాటకముందే సిలిండరును మళ్లీ పరీక్షకు పంపాలని దాని భావం. పాఠకులు ఈ పత్రికను కాసేపు పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్లి చూసి వచ్చినా మాకు అభ్యంతరం లేదు.

ఈ అంకెల పిచ్చి మాకు ఉద్యోగం వల్ల పట్టుకొన్నది. హోసూరులో సిలిండర్లను పరీక్ష చేసే ఒక షెడ్డులో ఇరవైరెండేళ్లుగా గుమాస్తా పని చేస్తున్నాము. ఇంట్లో తెలుగు, షెడ్డులో తమిళం, రిజిస్టరులో ఇంగ్లీషు. ఆస్పత్రుల ఆక్సిజన్ సిలిండర్లు, సోడా కంపెనీల సిలిండర్లు, ఆటోల సి.ఎన్.జి. సిలిండర్లు అన్నీ మా దగ్గరికి వస్తాయి. నాగపూరులోని పేలుడు పదార్థాల భద్రతా శాఖ వారు ఇచ్చిన అనుమతి పత్రం మా యజమాని గదిలో అద్దం బిగించి తగిలించి ఉంటుంది. మా పని సిలిండరు మెడ మీద గుద్దిన అక్షరాలను, అంకెలను చదివి రిజిస్టరులోకి ఎక్కించడం. చదువు మెట్రిక్ దగ్గర ఆగిపోయింది గాని, తుప్పు కింద దాగిన అంకెను వేలితో తడిమి చెప్పడంలో మమ్మల్ని మించినవారు ఆ వీధిలో లేరు.

ఇక అసలు సంగతి. మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు అమెరికా నుంచి సెలవు మీద వచ్చాడు. ఫ్లారిడా రాష్ట్రంలో గెయిన్స్‌విల్ అనే ఊళ్లో ఉద్యోగం. నాలుగేళ్లుగా అతనికి ఒక కొత్త సరదా పట్టుకొన్నది. వీపుకు గాలి సిలిండర్లు కట్టుకొని, నీళ్లలో మునిగి, నీళ్ల అడుగున ఉన్న గుహల్లోకి ఈదుకొంటూ వెళ్లి రావడం. మా అక్కకు ఈ సంగతి పూర్తిగా తెలియదు. అబ్బాయి ఆదివారాలు ఈతకు వెళ్తున్నాడని మాత్రమే తెలుసు.

భోజనాలయిన తర్వాత అతడు ఫోనులో ఫోటోలు చూపించాడు. అద్దం వంటి నీళ్లు, తెల్లటి సున్నపురాతి గోడలు, దీపాలు పట్టుకొన్న మనుషులు. చివరి ఫోటోలో రెండు ఉక్కు సిలిండర్లు నిలబెట్టి ఉన్నాయి. అందరూ వెనక ఉన్న నీళ్లను చూశారు. మేము సిలిండరు మెడ చూశాము. 3ఏఏ 2400 అని గుద్ది ఉంది. దానికి బిగించిన గొట్టం మీది గేజి ముల్లు 3600 దగ్గర నిలబడి ఉంది.

"ఏమిరా, ఈ గేజి చెడిపోయిందా?" అని అడిగాము.

"లేదు మామా, సరిగ్గానే ఉంది. అక్కడ అందరం అంతే నింపించుకొంటాము" అన్నాడు, పక్క ఫోటోకు పోతూ.

ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. ఎందుకు పట్టలేదో పాఠకులకు తెలియాలంటే ఆ రెండు అంకెల సంగతి కొంచెం విప్పి చెప్పాలి.

2400 అన్నది ఒత్తిడి లెక్క. సిలిండరు లోపలి గోడలో ప్రతి చదరపు అంగుళం మీద గాలి ఎన్ని పౌన్ల బలంతో తోస్తున్నదీ ఆ లెక్క చెపుతుంది. కారు టైరులో ఇది ముప్ఫై, ముప్ఫైఅయిదు పౌన్లు. మన ఆటోల సి.ఎన్.జి. సిలిండరులో నిండుగా ఉన్నప్పుడు సుమారు 2900. బంకులో గ్యాసు పట్టేటప్పుడు ప్రయాణికులను దిగి దూరంగా నిలబడమనేది ఆ 2900 మీద ఉన్న గౌరవం చేతనే. 3ఏఏ అన్నది ఆ ఉక్కు ఏ జాతిదో, ఏ నిబంధన ప్రకారం చేశారో చెప్పే గుర్తు. ఆ నిబంధన అమెరికా రవాణా శాఖ వారిది. 2400 అంటే ఈ సిలిండరు రోజూ మోయవలసిన బరువు ఇంత అని చేసినవారు ఇచ్చిన మాట. తేదీ పక్కన కూడిక గుర్తు గుద్ది ఉంటే ఆ మాటమీద పది శాతం అదనంగా నింపవచ్చు. అంటే 2640. అంతవరకు చట్టమే ఒప్పుకొంటుంది. మా మేనల్లుడి సిలిండరులో ఉన్నది దానిమీద ఇంకొక 960.

అయిదేళ్లకొకసారి ఈ సిలిండర్లకు పరీక్ష ఉంటుంది. మా షెడ్డులో చేసేదీ ఇటువంటిదే కాబట్టి దీని గురించి ధైర్యంగా చెప్పగలము. సిలిండరులోని గాలి అంతా తీసివేసి నీళ్లతో నింపుతారు. దాన్ని నీళ్లున్న ఇంకొక పెద్ద తొట్టిలో దించి మూత బిగిస్తారు. తర్వాత సిలిండరులోకి పంపుతో ఒత్తిడి ఎక్కిస్తారు. ఉక్కు కూడా సాగుతుంది, మన కంటికి కనపడదు గాని. సిలిండరు ఉబ్బినంత మేర తొట్టిలోని నీళ్లు పక్కనున్న గాజు గొట్టంలోకి పాకుతాయి. ఎంత పాకాయో వ్రాసికొంటాము. ఒత్తిడి వదిలివేస్తే నీళ్లు మళ్లీ వెనక్కి దిగుతాయి. మంచి సిలిండరయితే దాదాపు మొదటి గీతకే దిగుతుంది. దిగకుండా మిగిలిపోయినది ఉబ్బినదానిలో పదో వంతు దాటిందా, ఆ సిలిండరు పనికిరాదని తీర్పు. దాన్ని మళ్లీ ఎవరూ వాడకుండా కోసివేస్తాము.

గాలితో కాక నీళ్లతో ఎందుకంటే, నీళ్లు అణగవు. పగిలినా ఒక చీలిక, కొంచెం నీరు, అంతటితో సరి. గాలి అట్లా కాదు, నొక్కినంతసేపూ స్ప్రింగులా ముడుచుకొని కూర్చుంటుంది. మా మేనల్లుడి సిలిండరు ఒక్కటి 3600 దగ్గర ఉన్నప్పుడు, దానిలో దాగిన శక్తి పది టన్నుల లారీని రెండంతస్తుల మేడ ఎత్తుకు లేపగలదని లెక్క కట్టి చూసికొన్నాము. ఆ లెక్క చూసికొన్న తర్వాతే నిద్ర పోయింది.

2400 సిలిండరును పరీక్షలో ఎంతకు ఎక్కిస్తారంటే 4000 పౌన్లకు. అంటే ఒకటికి రెండు పాళ్లు తక్కువ, మూడింటికి అయిదు చొప్పున. 3600 ఆ 4000లో తొంభై శాతం. అయిదేళ్లకొకసారి అరనిమిషంపాటు, నీళ్లతో, తొట్టిలో దించి, మూత బిగించి చేసే పరీక్షకు దాదాపు సమానమైనదాన్ని వీళ్లు ప్రతి ఆదివారం గాలితో, మూత లేకుండా, మనుషులు తిరిగే దుకాణంలో చేస్తున్నారన్నమాట.

మరునాడు పొద్దున్నే మిద్దె మీద కాఫీ తాగుతూ మేనల్లుణ్ని కూర్చోబెట్టాము. అతడు తెలివిగలవాడు, పైగా మంచివాడు. దాచకుండా అంతా చెప్పాడు. అతడి వైపు కూడా వినదగ్గదే కాబట్టి ఇక్కడ వ్రాస్తున్నాము.

ఉత్తర ఫ్లారిడా అడుగున అంతా సున్నపురాయి. మన బెలూం గుహల మాదిరే వాననీరు వేల ఏళ్లు రాతిని కరిగించి సొరంగాలు చేసింది. తేడా ఏమంటే బెలూంలో మనం చెప్పులేసుకొని నడుస్తాము. అక్కడి సొరంగాల నిండా నీళ్లు. ఆ నీళ్లు సువానీ, సాంటాఫే అనే నదుల ఒడ్డున ఊటలుగా పైకి వస్తాయి. ఏడాది పొడుగునా ఒకే చల్లదనం, సుమారు 22 డిగ్రీలు. జిన్నీ స్ప్రింగ్స్, పీకాక్ స్ప్రింగ్స్, వకల్లా స్ప్రింగ్స్ వంటివి ప్రపంచమంతటా పేరుపడినవి. హైస్ప్రింగ్స్ అనే చిన్న ఊరు ఈ గుహలకు వెళ్లేవాళ్లకు తిరుపతి వంటిది. గుహ నోటి దగ్గర ఒక బోర్డు పెట్టి ఉంటుందట. దాని మీద కొడవలి పట్టుకొన్న అస్థిపంజరం బొమ్మ, ఇంతకు మించి పోవద్దని హెచ్చరిక. మన యమధర్మరాజు అక్కడ దున్నపోతు లేకుండా ఉద్యోగం చేస్తున్నాడు.

సముద్రంలో మునిగేవాడికి ఏదైనా అయితే పైకి వస్తే ఆకాశం ఉంటుంది. గుహలో మునిగేవాడికి పైన రాయి ఉంటుంది. వచ్చిన దారినే తిరిగి ఈదాలి, అంతవరకు గాలి ఉండాలి. పైగా లోతుకు పోయినకొద్దీ గాలి తొందరగా అయిపోతుంది. వంద అడుగుల లోతులో నీటి బరువు వల్ల మీద ఉన్నదానికి నాలుగు రెట్లు గాలి ప్రతి ఊపిరికీ కావాలి. గట్టు మీద గంట వచ్చే సిలిండరు అక్కడ పావుగంట వస్తుంది.

ఈ లెక్కను శాస్త్రంగా కట్టినవాడు షెక్ ఎక్స్‌లీ అనే ఆయన. లైవ్‌ ఓక్ అనే ఊళ్లో హైస్కూలు లెక్కల మాస్టారు. గుహల్లో చనిపోయినవాళ్ల వివరాలన్నీ పోగుచేసి, ఎందుకు చనిపోయారో తేల్చి, 1979లో ఒక చిన్న పుస్తకం వేశాడు. వెనక్కి రావడానికి తాడు లేకపోవడం, గాలి చాలకపోవడం, మితిమీరిన లోతుకు పోవడం, ఈ మూడే ముఖ్యంగా మనుషులను చంపాయని చూపించాడు. గాలి విషయంలో అక్కడివాళ్లు పాటించేది మూడో వంతు సూత్రం. ఉన్న గాలిలో ఒక పాలు లోపలికి పోవడానికి, ఒక పాలు తిరిగి రావడానికి, మూడో పాలు ఆపదకు. తోడు వచ్చినవాడి గాలి పోతే ఆ మూడో పాలే ఇద్దరినీ బయటికి తెస్తుంది. లెక్కల మాస్టరు కట్టిన లెక్కలు ఎంతోమందిని ఇంటికి చేర్చాయి. ఆయన మాత్రం 1994లో మెక్సికోలోని జకటోన్ అనే అతిలోతైన మడుగులో మునిగి తిరిగి రాలేదు.

"గుహలో గాలి అంటే ప్రాణం మామా. ఎక్కువ గాలి ఉంటే ఎక్కువ క్షేమం. ఉక్కు సిలిండరు అంత తేలికగా పగలదు. మా వాళ్లు ఎన్నో ఏళ్లనుంచి ఇట్లానే నింపుతున్నారు, మంచి ఉక్కు సిలిండరు పగిలినట్టు మాలో ఎవరమూ వినలేదు" అన్నాడు మేనల్లుడు.

ఇంకా కొన్ని చెప్పాడు. అల్యూమినియం సిలిండర్లను ఇట్లా ఎవరూ నింపరట. వాటి మీద సాధారణంగా 3000 అని ఉంటుంది, అంతటితోనే ఆపుతారు. అది సబబే. ఉక్కుకు ఒక హద్దు లోపల ఎన్నిసార్లు సాగదీసినా అలసట రాదు. అల్యూమినియానికి అటువంటి హద్దు లేదు, ప్రతి నింపుడూ ఎంతో కొంత ఆయుర్దాయం తింటుంది. పైగా 6351 అనే మిశ్రమంతో చేసిన పాత అల్యూమినియం సిలిండర్లకు మెడ లోపల సన్న పగుళ్లు పుట్టే జబ్బు ఉందని తేలింది. లక్స్‌ఫర్ కంపెనీ 1988లో ఆ లోహం మానివేసి అమెరికాలో 6061తో చేయడం మొదలుపెట్టింది. కొన్ని పాతవి నింపేటప్పుడే పగిలి మనుషులకు దెబ్బలు తగిలాయి. అందుచేత ఆ పాతవాటిని చాలా దుకాణాలవాళ్లు చేత్తో ముట్టరు.

చట్టం సంగతి అడిగితే, అది వ్యాపారం కోసం రవాణా చేసే సిలిండర్లకు గాని, సొంత సిలిండరును సొంత కారులో వేసికొని పోయేవాడికి కాదని అక్కడివాళ్లు వాదిస్తారట. సముద్రపు ఒడ్డున ఉన్న దుకాణాల్లో చాలావాటిలో 2640 దాటి చుక్క గాలి పోయరు. గుహలున్న ప్రాంతంలో మాత్రం అడగకపోయినా 3600 పోస్తారు, తక్కువ పోస్తే గిరాకీ పోతుంది. హోటలులో సాంబారు రెండోసారి పోయకపోతే మనం పక్క హోటలుకు పోయినట్టు.

ఇదంతా విని మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఉక్కు గట్టిదన్న మాట నిజమే. 4000కు ఎక్కించినా ఆరోగ్యంగా ఉన్న సిలిండరు తిరిగి తన రూపానికి వస్తుంది, లేకపోతే మా పరీక్షకే అర్థం లేదు. కాని మేము ఇరవైరెండేళ్లలో చూసినవి అన్నీ ఆరోగ్యంగా ఉన్నవి కావు. లోపల తేమ చేరి తుప్పు గుంటలు పడ్డవి, వెలుపల రంగు కింద గోడ పలచబడ్డవి, ఎవరో ఎప్పుడో వేడి తగిలించినవి, ఇవన్నీ పైకి పెళ్లికొడుకుల్లా ఉంటాయి. 2400కూ 4000కూ మధ్య ఉన్న ఖాళీ ఎవరూ వాడక మిగిలిపోయిన చోటు కాదు. తుప్పు, ఎండ, గేజి తప్పు, మనిషి పరాకు, ఇవన్నీ వచ్చి కూర్చునేందుకు ఇంజనీర్లు వదిలిన పీట అది. ఆ పీట మీద మన గాలే కూర్చుంటే ఇవి వచ్చినప్పుడు ఎక్కడ కూర్చోవాలి?

ఎండ సంగతి ఒక్కటి లెక్క కట్టి చూపించాము. ఊట నీళ్లంత చల్లగా, 22 డిగ్రీల దగ్గర 3600 ఉన్న సిలిండరును కారు డిక్కీలో పెట్టి, కారును ఫ్లారిడా ఎండలో వదిలి భోజనానికి పోయాడనుకొందాము. తలుపులు వేసిన కారు లోపల 50 డిగ్రీలు కావడానికి ఎంతసేపు? అప్పుడు లోపలి ఒత్తిడి ఏ పంపూ లేకుండా 3900 దాటుతుంది. పరీక్షకు పెట్టే 4000కు జానెడు దూరం. ఇటువంటి గండానికే వాల్వులో ఒక పలుచని రాగి బిళ్ల పెడతారు. ఒత్తిడి పరీక్ష హద్దుకు రాకముందే బిళ్ల చిరిగి గాలి బుస్సుమని పోతుంది, సిలిండరు బ్రతుకుతుంది. 3600 నింపితే ఈ బిళ్ల తరచు చిరుగుతుంది కదా, దానికేం చేస్తారని అడిగాము. మేనల్లుడు కాస్త నవ్వి, కొందరు ఒకటికి రెండు బిళ్లలు వేస్తారన్నాడు. ఫ్యూజు ఊరికే పోతున్నదని మేకు పెట్టే ఎలక్ట్రీషియను మా వీధిలోనూ ఒకడున్నాడు.

ఇక్కడ మా సొంత కథ ఒకటి చెప్పాలి. చెప్పుకోదగ్గది కాదు, అయినా చెపుతాము.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు. పరీక్షకు వచ్చిన ఒక ఆక్సిజన్ సిలిండరుకు మిగులు ఉబ్బు పది శాతం దాటి పదకొండుకు కొంచెం తక్కువగా వచ్చింది. ఆ సిలిండరుగలవాడు పాత గిరాకీ. పది సిలిండర్లు తెచ్చాడు, ఒకటి పోతుందంటే అతని ముఖం వాడిపోయింది. 'గాజు గొట్టంలో గీత చదవడం అటూ ఇటూ అవుతుంది కదా, తొమ్మిదని వ్రాయండి' అన్నాడు. బల్ల కింద ఏమీ చెయ్యి చాపలేదు, బతిమాలాడు. మాకు అప్పుడు ఇరవై దాటి ఎంతో కాలేదు. కలం తీశాము. ఒకటి పక్కన సున్న కొట్టివేసి తొమ్మిది దిద్దడం ఎంతసేపు? పంపు దగ్గర పనిచేసే ముసలి మేస్త్రి అది చూశాడు. కోప్పడలేదు. తమిళం యాస కలిసిన తెలుగులో, "ఈ అంకె నీకోసం కాదు సామీ, ఆయనకోసమూ కాదు. రేపు ఎవడో ఒక పిల్లగాడు దీనికి గొట్టం తగిలిస్తాడు. వానికి నువ్వు తెలీదు, నేను తెలీదు. ఈ అంకె ఒకటే తెలుసు" అన్నాడు. తర్వాత సిలిండరును భుజాన వేసికొని కోతమిషను దగ్గరికి పోయాడు. గిరాకీ మళ్లీ మా షెడ్డుకు రాలేదు. యజమాని నెల రోజులు మాతో సరిగా మాట్లాడలేదు.

ఈ కథ మిద్దె మీద మేనల్లుడికి చెప్పాము. చెప్పి, "మీ సిలిండర్లను నింపేది ఎవరురా?" అని అడిగాము.

కాలేజీ చదువుకొంటూ దుకాణంలో పనిచేసే కుర్రవాడట. ఇరవై ఏళ్లుంటాయి. వాడే సిలిండర్లు వరసగా పెట్టి, గొట్టాలు తగిలించి, పెద్ద సిలిండర్లలో నిలవ ఉంచిన గాలిని వీటిలోకి వదులుతాడు. గాలి ఎక్కేటప్పుడు సిలిండరు వేడెక్కుతుంది, చల్లారాక ముల్లు దిగిపోతుంది. అప్పుడు మళ్లీ పోస్తాడు. కాబట్టి వాడు వాటి పక్కనే ఉంటాడు. సిలిండరు జీవితంలో ఒత్తిడి ఎక్కువగా ఉండేది ఆ గదిలోనే. గుహలోకి చేరేటప్పటికి చల్లబడి, ప్రతి ఊపిరికీ తగ్గుతూ పోతుంది. ఎక్కువ గాలి వల్ల లాభం నీళ్లలో ఉన్నవాడిది, గండం గట్టు మీద గొట్టం పట్టుకొన్నవాడిది.

మేనల్లుడు కొంతసేపు మాట్లాడలేదు. "వాళ్లకు తెలిసే చేస్తారు మామా" అన్నాడు గాని, గొంతులో అంత పట్టు లేదు. గిరాకీ పోతుందని చేసే పనిని తెలిసి చేయడమనవచ్చునా అన్నది మా సందేహం. వాడికి అదే ఉద్యోగం. మాకు ఆ వయసులో మేస్త్రి దొరికాడు, అందరికీ దొరకడు.

ఈ వాదం ఇక్కడే ఆగేదేమో. అప్పుడు మాకు ఒక చిన్న గుమాస్తా ప్రశ్న తోచింది. "3600 నింపినప్పుడు లోపల ఎక్కడ వెనక్కి తిరుగుతావు?"

"మూడో వంతు దగ్గర. 1200 వాడగానే, 2400 రాగానే తిరుగుతాను" అన్నాడు.

కాగితం, కలం తెమ్మన్నాము. అతని సిలిండర్లు ఒక్కొక్కటి 2640 దగ్గర 95 ఘనపుటడుగుల గాలి పట్టేవి. రెండూ కలిపి 190. అదే 3600కు నింపితే గుమాస్తా లెక్కకు 259. అసలుకు గాలి అంత నిక్కచ్చిగా లొంగదు, కొంచెం తక్కువే పడుతుంది. అయినా లెక్క కోసం అంతే అనుకొందాము. వంద అడుగుల లోతున అతడు నిమిషానికి సుమారు మూడు ఘనపుటడుగులు పీలుస్తాడట. 190లో మూడో వంతు 63. అంటే 21 నిమిషాలు లోపలికి పోవచ్చు. 259లో మూడో వంతు 86. అంటే 29 నిమిషాలు.

"అయితే అదనంగా పోసిన గాలితో నువ్వు చేసిందేమిటి? ఇంకొక ఎనిమిది నిమిషాలు లోపలికి పోయావు. రావడానికి ఇంకొక ఎనిమిది నిమిషాలు దూరం పెంచుకొన్నావు. ఆపదకు దాచిన పాలు పెరిగిన మాట నిజమే, ఇంటికి దూరమూ అంతే పెరిగింది. క్షేమం ఎక్కడ కొన్నావురా? నువ్వు కొన్నది గుహ" అన్నాము.

నిజంగా క్షేమమే కావాలంటే దారి వేరు. 259 ఉన్నా పాత 63 వాడగానే, అంటే ముల్లు 2700 దగ్గరికి దిగగానే తిరగాలి. అప్పుడు ఆపదకు మిగిలే గాలి 63 నుంచి 133కు, రెండింతలకు పైగా పెరుగుతుంది. అట్లా తిరిగేవాడు 'గాలి అంటే ప్రాణం' అంటే మేము తలవంచి ఒప్పుకొంటాము. 2400 దగ్గర తిరిగేవాడు ఆ మాట అనకూడదు. ఇంకొక చమత్కారం ఏమంటే, అతడు తిరిగే 2400, మెడ మీద గుద్దిన 2400, రెండూ ఒకటే. సిలిండరు తన హద్దులోకి వచ్చే నిమిషానికి ఇతడు గుహలో తన హద్దు చివర ఉంటున్నాడు.

మేనల్లుడు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత, "తిరిగే అంకె మార్చాలని నాకెప్పుడూ తోచలేదు మామా" అన్నాడు. దానిని మేము ఓటమిగా తీసికోలేదు. లెక్కలో అతడు మాకంటె ఎంతో పైవాడు. కాని ఊట నీళ్ల ముందు నిలబడి, స్నేహితులందరూ సిద్ధంగా ఉండగా ఈ లెక్క వేసికోవడం వేరు, హోసూరులో మిద్దె మీద వేసికోవడం వేరు.

మరి ఎక్కువ గాలి కావలసినవాడు ఏం చేయాలి? దారులు లేకపోలేదు. 3442 పౌన్లకే పుట్టిన ఉక్కు సిలిండర్లు ఆ దేశంలో దొరుకుతాయి, వాటి మెడ మీద అదే గుద్ది ఉంటుంది. ఇతడు కొనలేదు, పాతవి చవకగా వచ్చాయని. లేదా పక్కకు మూడో సిలిండరు తగిలించుకొని పోవచ్చు. మొదట దాన్ని పీల్చి, దారిలో తాటికి కట్టి వదిలి, తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకోవచ్చు. బరువు ఎక్కువ, ఖర్చు ఎక్కువ, శిక్షణ వేరే కావాలి. నింపుకొనే ముందు దుకాణంవాడికి ఇంతే పోయమని నోరు తెరిచి చెప్పడం అన్నిటికంటె కష్టమట. నలుగురిలో భయస్థుడని పేరు పడుతుంది. ఈ మాట అతడు మెల్లగా అన్నాడు. మేము కలం తీసిన రోజున మా ముఖం ఎట్లా ఉండి ఉంటుందో మాకు అప్పుడు తెలిసింది.

సెలవు అయిపోయి అతడు వెళ్లాడు. నెల రోజుల తర్వాత ఒక ఆదివారం రాత్రి మేము అక్క ఇంట్లో ఉండగా ఫోను చేశాడు, వాళ్లకు పొద్దున. ఫోను పెద్దగా వినపడేట్టు పెట్టి బల్ల మీద ఉంచాము, అదే మా పొరపాటు. దుకాణంలో 2640 చాలని చెప్పాడట. కుర్రవాడు రెండుసార్లు అడిగి, 'కొత్తగా వచ్చావా?' అన్నాడట. నాలుగేళ్ల నుంచి వస్తున్నానంటే విచిత్రంగా చూశాడట. పక్కనున్న స్నేహితుడు మాత్రం 3600 పోయించుకొన్నాడు. 'వాడికి చెప్పి చూశాను మామా, వినలేదు' అన్నాడు. తనకు మట్టుకు పాత అల్యూమినియం సిలిండరు ఒకటి కొన్నాడట. 6061దే, మెడ చూసే కొన్నాను, 3000 గుద్ది ఉంది, 3000 పోయించాను అన్నాడు. దానితో శిక్షణకు వచ్చే వారం చేరుతున్నాడు.

మేము సంతోషించి, "అయితే ఇప్పుడు మొత్తం మూడు సిలిండర్లన్నమాట" అన్నాము.

వంటింట్లోంచి మా అక్క చేతులు తుడుచుకొంటూ వచ్చి బల్ల దగ్గర నిలబడింది.

"ఈతకు పోయేవాడికి మూడు సిలిండర్లెందుకురా?" అన్నది.

ఫోనులో చప్పుడు లేదు. మేము కుర్చీ జరిపి అక్కను కూర్చోమన్నాము.